న్యూహాంప్‌షైర్ ప్రైమరీ (అమెరికా అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగ్): ముందురోజు వాలంటీర్లకు జాగ్రత్తలు

☐ సర్వేలు చూసి చేతులు కట్టుకు కూర్చోకండి. 2008లో ఇక్కడి డెమోక్రటిక్ పార్టీ ప్రైమరీలో చాలా సర్వేలు ఒబామాదే గెలుపన్నాయి. సుమారు 7,600 ఓట్ల తేడాతో హిల్లరీ క్లింటన్ గెలిచారు. ఈ ఒక్క రోజు తిరిగే గడపలకు అంత విలువుంది.

☐ ఎవరి తలుపు తట్టాలో జాబితా మరోసారి సరిచూసుకోండి. ఏ పార్టీలోనూ నమోదు కానివాళ్లు రేపు ఏదో ఒక పార్టీ బ్యాలెట్ అడిగి తీసుకోవచ్చు. ఓటేశాక ఫారం నింపి, మళ్లీ ఏ పార్టీకీ చెందనివారిగా బయటికి రావచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు, ఓపిగ్గా చెప్పండి. ఎదుటి పార్టీలో నమోదైనవాళ్లు మాత్రం రేపు మారలేరు. వాళ్ల దగ్గర పొద్దు పుచ్చకండి.

☐ ఫొటో గుర్తింపు కార్డు గుర్తుచేయండి. రేపే కొత్తగా పేరు నమోదు చేసుకునేవాళ్లు పౌరసత్వ రుజువు కూడా తేవాలి. పౌరసత్వం తీసుకున్న మన తెలుగువాళ్లు పాస్‌పోర్టో, ఆ సర్టిఫికెట్టో ఈ రాత్రే తీసి పెట్టుకుంటే మంచిది. గ్రీన్‌కార్డుతో ఓటు లేదు, మొహమాటానికైనా ఎవరినీ ప్రోత్సహించకండి.

☐ కరపత్రాలు పోస్టు డబ్బాలో వేయకండి, అది ఫెడరల్ చట్టానికి విరుద్ధం.

☐ పోలింగ్ వేళలు ఊరూరికీ వేరు. మీ ఊరివి కనుక్కోండి.

☐ జనవరి మంచు: పెద్దవాళ్లకు కారు ఎవరు తెస్తారో పేర్లతో సహా ఈ సాయంత్రమే తేల్చండి.