సంఘంలో విత్తన బ్యాంకు: రెండోసారి విత్తడానికీ గింజ మిగిలేలా ఎలా నడపాలి?

తొలకరికి విత్తాక వాన మొహం చాటేస్తే మొలక ఎండిపోతుంది. జులైలో మళ్లీ విత్తాలంటే దుకాణంలో కావలసిన రకం దొరకదు, దొరికినా చేతిలో డబ్బుండదు. పట్టాదారు పాసుపుస్తకం తన పేరున లేని మహిళకు పంట రుణం దొరకడమూ కష్టమే. సంఘమే విత్తనం దాచి సభ్యులకు అప్పుగా ఇచ్చే విత్తన బ్యాంకు అక్కరకొచ్చేది అప్పుడే. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు దశాబ్దాలుగా ఇలా విత్తనాలు కాపాడుతున్నాయి. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం (యూఎన్‌డీపీ) ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది.

1. నాటు రకాలతో మొదలుపెట్టండి. జొన్న, కొర్ర, కంది, పెసర, ఉలవ చాలు. హైబ్రిడ్ గింజ దాచొద్దు, మరుసటి ఏడు చేను ఒక్క తీరుగా రాదు.

2. విత్తనాన్ని కళ్లంలో కాదు, చేనులోనే ఎంచండి. తెగులు లేని మొక్కలకు గుడ్డపీలిక కట్టి, వాటి కంకులు వేరుగా కోయండి. కందిలో తేనెటీగల వల్ల రకాలు కలిసిపోతాయి కాబట్టి చేను గట్ల దగ్గర వదిలేసి నడిమి నుంచి తీసుకోండి.

3. ఆరబెట్టడంలోనే ఎక్కువ విత్తనం పాడవుతుంది. ఉదయం ఎండలో పట్టా మీద పలచగా పరిచి, మిట్టమధ్యాహ్నం నీడకు చేర్చండి. పొడి సీసాలో గింజలు, పొడి ఉప్పు వేసి బాగా కుదపండి. ఉప్పు సీసా గోడకు అంటితే తేమ 15 శాతం పైనే ఉన్నట్టు. అంటకపోయినా ఇంకో రెండు రోజులు ఎండనివ్వండి, పప్పుగింజల్లో తేమ 9 శాతానికి దిగాలి. గింజ చల్లారాకే కుండకెత్తాలి. వేడిగా మూత పెడితే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది.

4. పప్పుగింజలను తొలిచే పుచ్చు పురుగు చేనులోనే కాయ మీద గుడ్లు పెట్టి ఇంటికొస్తుంది. అందుకే కంది, పెసర కిలోకు 5 మి.లీ. ఆముదం పట్టించండి, లేదా గింజల మధ్య సందులు పూడేంత జల్లించిన పొడి బూడిద కలిపి పైన మరో రెండు వేళ్ల మందాన పోయండి. మూతి చుట్టూ పేడమట్టితో మెత్తండి. కొర్రకు ఇంత హైరానా అక్కర్లేదు, పొట్టుతోనే దాచండి.

5. మే నెలలో మొలక పరీక్ష చేయండి. 100 గింజలు తడి గోనెపట్టాలో చుట్టి, ఆరకుండా నీళ్లు చిలకరిస్తూ వారం తర్వాత లెక్కపెట్టండి. 75 మొలిస్తే మంచి విత్తనం. 60 మొలిస్తే ఎకరాకు 4 కిలోల జొన్న బదులు 5 కిలోలు ఇవ్వండి. 50 కూడా మొలవకపోతే విత్తనంగా ఇవ్వనే వద్దు.

6. అప్పు ఇచ్చేది తూకంతోనే. ఇంటింటికీ సోల, తవ్వ కొలతలు తేడా ఉంటాయి, తగాదాలు మొదలయ్యేది అక్కడే. తీసుకున్నదానికి రెట్టింపు పంట చేతికొచ్చాక తిరిగివ్వాలి. పంట పోతే వాయిదా మరుసటి పంటకాలానికి, అదనపు వడ్డీ లేకుండా. పది మందికి 4 కిలోల చొప్పున 40 కిలోల జొన్న ఇస్తే 80 వస్తుంది. అందులో 40 మళ్లీ అప్పులకు, 20 నిల్వకు, 20 అమ్మకానికి.

7. ప్రతి పంటలో మూడో వంతు జూన్‌లో ఎవరికీ ఇవ్వొద్దు. ఎంత బతిమాలినా సరే, ఈ కట్టుబాటు సడలితే బ్యాంకు పెట్టిన ప్రయోజనమే పోతుంది. జులైలో మళ్లీ విత్తాల్సి వస్తే కొర్ర, కంది తీయండి. కొర్ర 80 నుంచి 90 రోజుల్లో చేతికొస్తుంది. ఆగస్టు దాకా వాన లేకపోతే ఉలవే దిక్కు.

8. చెరగడం, ఎండబెట్టడం, బూడిద కలపడం ఎప్పుడూ ఆడవాళ్ల మీదే పడుతుంది, కూలీ లెక్కలోకి మాత్రం రాదు. రిజిస్టర్లో ఎవరు ఎన్ని రోజులు పనిచేశారో రాసి, విత్తనం అమ్మిన డబ్బులోంచి ముందు ఆ కూలీ చెల్లించండి. మిగిలింది సంఘం ఖాతాకు.

అమ్మడానికి చట్టం అడ్డు రాదు. మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం (2001) 39వ సెక్షన్ ప్రకారం రైతు తాను పండించిన విత్తనాన్ని దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఆ చట్టం కింద రక్షణ ఉన్న రకాన్ని మాత్రం బ్రాండు పేరుతో ప్యాకెట్ కట్టి అమ్మకూడదు.