మ్యాచ్ ఓడితే తప్పు కోచ్‌దా, క్వార్టర్‌బ్యాక్‌దా? ఎన్‌ఎఫ్‌ఎల్ అభిమానులు తేల్చుకోవడం ఎలా

అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు డల్లాస్ కౌబాయ్స్ ఓడిన మర్నాడు టెక్సస్‌లో ఎక్కడ చూసినా ఒకటే వాదన. సగం మంది క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని పాస్ విసిరే ఆటగాడు) డాక్ ప్రెస్కాట్‌తో ఇక లాభం లేదంటారు, మిగతా సగం కోచ్‌ను పంపేయాలంటారు. ఫ్రిస్కో, ఇర్వింగ్ ప్రాంతాల తెలుగువాళ్లకూ ఈ గొడవ కొత్త కాదు, జట్టు ప్రధాన కార్యాలయం ‘ది స్టార్’ ఉన్నదే ఫ్రిస్కోలో. ఈ వాదన ఏళ్ల తరబడి తెగకపోవడానికి కారణం, మొత్తం మ్యాచ్‌ను ఒక్క మనిషి ఖాతాలో వేయడం. మ్యాచ్‌ను నిర్ణయాలుగా విడగొట్టి, ఒక్కో నిర్ణయం దగ్గర ఆగి, అది ఆ క్షణంలో ఎవరి చేతిలో ఉందని అడిగితే చాలావరకు తేలిపోతుంది. కౌబాయ్స్ ఉదాహరణలతోనే ఆ పద్ధతి చూద్దాం. ఏ జట్టు అభిమానికైనా ఇది పనికొస్తుంది.

1. ముందు ఎవరి పని ఏదో రాసుకోండి

హెడ్ కోచ్ అన్నంత మాత్రాన ప్రతి ప్లే (ఒక్కో ప్రయత్నంలో ఆడే ఎత్తు) ఆయనే ఎంచడు. మైక్ మెకార్తీ 2020 నుంచి 2024 దాకా కౌబాయ్స్ హెడ్ కోచ్. కానీ మొదటి మూడు సీజన్లలో ప్లేలు ఎంచింది అఫెన్సివ్ కోఆర్డినేటర్ (దాడి విభాగం కోచ్) కెలెన్ మూర్. 2023, 2024లలో మాత్రం మెకార్తీయే ఎంచాడు. ఆయన తర్వాత 2025లో వచ్చిన బ్రయన్ షాటెన్‌హైమర్ కూడా ప్లేలు తానే ఎంచుకునే హెడ్ కోచ్. 2021 సీజన్ మ్యాచ్‌లో ఒక పరుగు ప్లే నచ్చక మెకార్తీని తిట్టేవాళ్లు మొదటి అడుగులోనే తప్పుతారు. ఆ ప్లేను ఆపకపోవడం ఆయన బాధ్యత, ఎంచడం మాత్రం కాదు.

ప్లే ఎంచాక కూడా పని అక్కడితో అయిపోదు. కోచ్ మాట క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లోని రేడియోకి వెళ్తుంది. 40 సెకన్ల ప్లే క్లాక్‌లో 15 సెకన్లు మిగిలేసరికి ఆ రేడియో ఆగిపోతుంది. అక్కడి నుంచి డిఫెన్స్ ఎలా నిలబడిందో చూసి ప్లే మార్చాలా వద్దా అన్నది క్వార్టర్‌బ్యాక్ ఇష్టం. పరుగు, పాస్ రెండూ కలిపి ఇచ్చే ఆర్‌పీఓ ప్లేలలోనైతే బంతి చేతికొచ్చాక అతనే తేల్చుకుంటాడు. టీవీలో పరుగు కనిపించింది కాబట్టి కోచ్ పరుగే చెప్పాడనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

2. మ్యాచ్‌ను రెండోసారి, కాగితంతో చూడండి

లైవ్‌లో చూస్తూ తీర్పు చెప్పకండి. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది. పాస్ అందుకోవడానికి దూరంగా పరిగెత్తే రిసీవర్లు చాలాసేపు తెరపై ఉండరు. కాబట్టి క్వార్టర్‌బ్యాక్ బంతి పట్టుకుని నిలబడితే, ఎవరూ ఖాళీగా లేకనో, ఖాళీగా ఉన్నవాణ్ని చూడకనో తెలియదు. మైదానంలోని 22 మందీ ఒకేసారి కనిపించే ‘ఆల్-22’ కోచ్‌ల ఫిల్మ్ కావాలి. అమెరికాలో అది ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లస్ ప్రీమియం చందాలో దొరుకుతుంది. హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో చూసేవారికి, డల్లాస్‌లో ఆదివారం మధ్యాహ్నం 12 గంటల మ్యాచ్ మనకు రాత్రి 10:30కి మొదలవుతుంది, నవంబరు మొదట్లో అక్కడ గడియారం మారాక 11:30కి. నిద్రమత్తులో తీర్పులు చెప్పేకంటే మర్నాడు ఫిల్మ్ చూడటమే నయం.

ఒక జట్టు మ్యాచ్‌కి సుమారు 60 నుంచి 65 ప్లేలు ఆడుతుంది. అన్నీ రాయాలంటే మొదటివారమే విసుగొస్తుంది. డౌన్ అంటే పది యార్డులు సాధించడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఒకటి. మూడో డౌన్, నాలుగో డౌన్, ప్రత్యర్థి 20 యార్డుల గీత దాటాక ఆడినవి, రెండు అర్ధభాగాల చివరి రెండు నిమిషాలు తీసుకోండి, చాలు. ఒక్కోదానికి డౌన్, కావలసిన దూరం, మిగిలిన సమయం, ఏం జరిగిందన్నది, బాధ్యత ఎవరిదన్నది రాయండి. బాధ్యత గడిలో ఆరు మాటలే వాడండి: కోచ్, క్వార్టర్‌బ్యాక్, లైన్ (క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ముందువరుస), రిసీవర్, ఎదుటివాడు బాగా ఆడాడు, తెలియదు. చివరి మాట వాడటానికి జంకకండి. ఇంటర్‌సెప్షన్ (పాస్‌ను ఎదుటి జట్టు లాక్కోవడం) అయినప్పుడు రిసీవర్ తప్పు దారిలో పరిగెత్తాడో, క్వార్టర్‌బ్యాక్ తప్పుగా విసిరాడో బయటివాళ్లకు చాలాసార్లు తెలియదు. కాగితం మీద ఒక్క ‘తెలియదు’ కూడా లేకపోతే ఆ కాగితాన్నే అనుమానించాలి.

శాక్‌ల (పాస్ వేయకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) దగ్గర ఫోన్‌లోని స్టాప్‌వాచ్ వాడండి. స్నాప్ (ప్లే మొదట్లో బంతి అందించడం) నుంచి రెండున్నర సెకన్లలోపే మీద పడితే ఎక్కువగా లైన్ తప్పు, లేదా అడ్డుకునే ఏర్పాటే తప్పు. మూడు సెకన్లు దాటితే ఫిల్మ్‌లో రిసీవర్ల వైపు చూడండి. ఖాళీగా ఒకడు కనిపిస్తే అది క్వార్టర్‌బ్యాక్ ఖాతా. అందరికీ ఒక్కో డిఫెండర్ అతుక్కుని ఉంటే ప్లే ఎంచినవాడి ఖాతా, లేదా ఎదుటి డిఫెన్స్ గొప్పతనం.

3. గడియారం ప్లేలను ముక్కలుగా కోయండి

అభిమానులు ఎక్కువగా తగువులాడేది ఇక్కడే. 2022 జనవరి 16న ప్లేఆఫ్‌లో (నాకౌట్ దశలో) శాన్‌ఫ్రాన్సిస్కో 23–17తో ముందుంది. 14 సెకన్లు మిగిలాయి, కౌబాయ్స్ దగ్గర గడియారం ఆపే టైమౌట్లు లేవు, బంతి ప్రత్యర్థి 41 యార్డుల గీత మీద ఉంది. ప్రెస్కాట్ తానే బంతి పట్టుకుని మధ్యలోంచి 17 యార్డులు పరిగెత్తి జారి కూర్చున్నాడు. బంతిని, ప్లే మొదలుపెట్టే ఆటగాడైన సెంటర్‌కి ఇచ్చి అందరూ వరుసకట్టారు. కానీ అంపైర్ వచ్చి బంతిని తాకి సరైన చోట పెడితేగానీ తర్వాతి ప్లే మొదలుకాదు. ఆయన పరుగున వచ్చి పెట్టేసరికి, గడియారం ఆపడానికి ప్రెస్కాట్ బంతిని నేలకు కొట్టేసరికి సమయం అయిపోయింది.

దీన్ని “డాక్ తెలివితక్కువ” అనో “మెకార్తీ తెలివితక్కువ” అనో ఒక్క మాటలో తేల్చేస్తారు. విడగొడితే ఇందులో మూడు నిర్ణయాలున్నాయి. టైమౌట్ లేనప్పుడు మధ్యలోంచి పరుగు ఎంచడం కోచ్‌ల పని, అదే పెద్ద తప్పు. పక్క గీత బయటికి పోయే పాస్ అయితే గడియారం దానంతటదే ఆగేది. ఇక పదో పన్నెండో యార్డుల దగ్గరే జారకుండా 17 దాకా వెళ్లడం క్వార్టర్‌బ్యాక్ నిర్ణయం. బంతిని అంపైర్‌కి అందించకుండా సెంటర్‌కి ఇచ్చెయ్యడం మూడోది. అది చేసింది ఆటగాడే, కానీ అలాంటి వివరం ప్రాక్టీసులో నేర్పాల్సింది కోచ్‌లు. నా లెక్కలో ఈ ప్లేలో ఎక్కువ భాగం కోచ్‌లదే.

4. ఫలితం చూసి నిర్ణయాన్ని కొలవకండి

2015 ఫిబ్రవరి 1 సూపర్ బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్). సియాటిల్ 24–28తో వెనకబడి, ఒక్క యార్డు దూరంలో, రెండో డౌన్‌లో ఉంది. 26 సెకన్లు, ఒక్క టైమౌట్. వెనకాల బంతితో పరిగెత్తే మార్షాన్ లించ్ ఉండగా పరుగు కాకుండా పాస్ వేయించారు. ఎదుటి డిఫెండర్ మాల్కమ్ బట్లర్ దాన్ని లాక్కున్నాడు. సియాటిల్ కోచ్ పీట్ క్యారల్‌ను ఇప్పటికీ తిట్టేవాళ్లున్నారు.

సెకన్లు లెక్కపెట్టి చూడండి. రెండో డౌన్‌లో పరుగు విఫలమైతే ఉన్న ఒక్క టైమౌట్ అక్కడే ఖర్చయిపోతుంది. మూడో డౌన్‌లో కూడా పరుగే విఫలమైతే గడియారం ఆగదు, నాలుగో ప్లేకి సమయం దొరకడం కష్టం. అంటే మూడు ప్రయత్నాలు ఖాయంగా కావాలంటే మధ్యలో ఒక్కటైనా పాస్ ఉండాలి. దొరకని పాస్ గడియారాన్ని ఆపుతుంది. రెండో డౌన్‌లో పాస్ అన్న ఆలోచనలో తప్పులేదు. తప్పు పట్టాలంటే, గుంపు మధ్యలోకి స్లాంట్ (ఏటవాలుగా లోపలికి పరిగెత్తే రిసీవర్‌కి వేసే పాస్) ఎంచడాన్ని పట్టండి. పాస్ వేయాలన్నది ఒక నిర్ణయం, ఏ పాస్ అన్నది వేరే నిర్ణయం. కాగితంలో ఈ రెండింటికీ వేర్వేరు గళ్లు ఉండాలి.

5. అంకెలు వాడండి, వాటి లోపాలు తెలుసుకుని

అందరూ చెప్పే పాసర్ రేటింగ్ గరిష్ఠం 158.3. అది పాస్‌ల కచ్చితత్వం, యార్డులు, టచ్‌డౌన్లు (బంతిని ఎదుటివారి చివరి గీత దాటించి చేసే స్కోరు), ఇంటర్‌సెప్షన్లు, ఈ నాలుగే చూస్తుంది. శాక్‌లు అందులో లేవు. ఉదాహరణకు 30 పాస్‌లలో 20 చేరి, 240 యార్డులు, 2 టచ్‌డౌన్లు, ఇంటర్‌సెప్షన్ ఒక్కటీ లేకపోతే రేటింగ్ 113.2. అదే మ్యాచ్‌లో అతను 5 సార్లు శాక్ అయి 40 యార్డులు పోగొట్టినా రేటింగ్ అదే 113.2.

దీనికంటే నికర సగటు మేలు. పాస్ యార్డులకు టచ్‌డౌన్‌కి 20 చొప్పున కలపండి, ఇంటర్‌సెప్షన్‌కి 45 చొప్పున, శాక్‌లో పోయిన యార్డులన్నీ తీసేయండి. వచ్చినదాన్ని పాస్‌లు, శాక్‌ల మొత్తంతో భాగించండి. పై ఉదాహరణలో శాక్‌లు లేకపోతే 9.33 వస్తుంది, ఉంటే 6.86. బండి ఎక్కడ ఆగిందో ఈ తేడాలో కనిపిస్తుంది. ఇక ఒక్కో ప్లేకి ఎన్ని పాయింట్ల ఆశ పెరిగిందో చెప్పే ఈపీఏ ఇంకా మంచి కొలత. కానీ అది క్వార్టర్‌బ్యాక్ పేరు మీద రాసినా లైన్, రిసీవర్లు, ప్లే ఎంపిక అన్నీ కలిసిన అంకె అది.

రెండో లోపం, గెలుపోటములు తేలిపోయాక వచ్చే అంకెలు. 2024 జనవరి 14న గ్రీన్‌బే చేతిలో కౌబాయ్స్ 48–32తో ఓడింది. ప్రెస్కాట్ 60 పాస్‌లలో 41 చేర్చి 403 యార్డులు సాధించాడు. 3 టచ్‌డౌన్లు, 2 ఇంటర్‌సెప్షన్లు, రేటింగ్ 89.8. పత్రికలో ఆ వరుస చదివితే పర్వాలేదనిపిస్తుంది. కానీ మొదటి అర్ధభాగంలోనే ప్రత్యర్థి 27–0కి చేరింది, అందులో ఒక ఇంటర్‌సెప్షన్‌ని డార్నెల్ శావేజ్ 64 యార్డులు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ప్రెస్కాట్ మూడు టచ్‌డౌన్ పాస్‌లలో రెండు 48–16 అయ్యాక వచ్చినవి. ఆ రోజు క్వార్టర్‌బ్యాక్ నిజంగానే విఫలమయ్యాడు. అదే సమయంలో, ఎదుటి క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ లవ్ 21 పాస్‌లలో 16 చేర్చి 157.2 రేటింగ్ తెచ్చుకున్నాడంటే డిఫెన్స్ కూడా కూలిపోయింది. దాని బాధ్యత డిఫెన్స్ కోఆర్డినేటర్ డాన్ క్విన్‌ది, ఆయన పైనున్న మెకార్తీది. తేడా మూడు స్కోర్లు దాటిన తర్వాతి ప్లేలను కాగితంలో వేరే రంగుతో రాస్తే ఈ మోసంలో పడరు.

6. కోచ్ మారినప్పుడు ఇంకేం మారాయో చూడండి

క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్ కథ ఈ వాదనలన్నిటికీ గీటురాయి. 2016లో లాస్ ఏంజెలెస్ రామ్స్ తరఫున మొదలుపెట్టిన 7 మ్యాచ్‌లూ ఓడాడు. 5 టచ్‌డౌన్లు, 7 ఇంటర్‌సెప్షన్లు, రేటింగ్ 63.6. సీజన్ మధ్యలో కోచ్ జెఫ్ ఫిషర్‌ను తీసేశారు. 2017లో షాన్ మెక్‌వే వచ్చాడు. గాఫ్ 28 టచ్‌డౌన్లు, 7 ఇంటర్‌సెప్షన్లు, 100.5 రేటింగ్. పాయింట్లలో లీగ్ అడుగునున్న జట్టు పైకి, మొదటి స్థానానికి వచ్చింది.

కోచ్ మహిమేనా? చాలావరకు అవును, కానీ అదే ఏడాది లైన్‌లో ఆడే లెఫ్ట్ టాకిల్ ఆండ్రూ విట్‌వర్త్, రిసీవర్లు రాబర్ట్ వుడ్స్, కూపర్ కప్, సామీ వాట్కిన్స్ కూడా వచ్చారు. ఒక్క పేరుకే పట్టం కట్టడానికి లేదు. 2021లో రామ్స్ గాఫ్‌తోపాటు రెండు మొదటి రౌండ్ పిక్‌లు (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే అవకాశాలు), ఒక మూడో రౌండ్ పిక్ ఇచ్చి డెట్రాయిట్ నుంచి క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్‌ను తెచ్చుకుంది. 12 ఏళ్లలో ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ గెలవని స్టాఫర్డ్, అదే మెక్‌వే కింద ఆ సీజన్‌లోనే సూపర్ బౌల్ గెలిచాడు. వాడేసిన వస్తువని అందరూ వదిలేసిన గాఫ్ డెట్రాయిట్‌లో కోచ్ డాన్ క్యాంప్‌బెల్ కింద 2024 నాటికి 15–2 సాధించాడు. “మెక్‌వే లేకపోతే గాఫ్ లేడు” అన్న మాట అలా పోయింది, “స్టాఫర్డ్ ఎప్పటికీ ఓడేవాడే” అన్నదీ పోయింది.

పేట్రియట్స్ విజయాల ఘనత క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీదా, కోచ్ బిల్ బెలిచెక్‌దా అన్న వాదనకూ ఇదే జాగ్రత్త కావాలి. 2020లో విడిపోయాక బ్రేడీ టంపాబేతో సూపర్ బౌల్ గెలిచాడు, బెలిచెక్ జట్టు 7–9తో ముగించింది. అయితే టంపాబేలో అప్పటికే రిసీవర్లు మైక్ ఎవాన్స్, క్రిస్ గాడ్విన్, బలమైన డిఫెన్స్ ఉన్నాయి. పేట్రియట్స్‌లో కోవిడ్ వల్ల 8 మంది ఆ సీజన్‌కే దూరమయ్యారు.

7. జీతం, యజమాని

ప్రెస్కాట్ 2024 సెప్టెంబరులో నాలుగేళ్లకు 24 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు, సగటున ఏడాదికి 6 కోట్లు. 2025లో ఒక్కో జట్టు జీతాల పరిమితి 27.92 కోట్లు. ఈ రెండంకెలూ పక్కపక్కన పెట్టి “ఐదో వంతు అతనికే పోతోంది” అనేస్తారు. అది సరికాదు. జీతాన్ని బోనస్‌గా మార్చి ఐదేళ్ల దాకా పంచే వీలుంది కాబట్టి, ఏ ఏడాది పరిమితిలో ఎంత పడుతుందో ఆ ఏడాది లెక్కే చూడాలి. లైన్‌లో మంచివాళ్లు లేకపోతే ఆ తప్పు కోచ్‌దీ కాదు, క్వార్టర్‌బ్యాక్‌దీ కాదు. కౌబాయ్స్‌లో 1989 నుంచి యజమానీ, జనరల్ మేనేజరూ జెర్రీ జోన్స్ ఒక్కడే. కాగితంలో ఏడో మాట అవసరమైతే అది ఆయనదే.

8. ఎంతకాలం చూశాక నోరు విప్పాలి?

సీజన్‌లో 17 మ్యాచ్‌లే. 8 పాయింట్లు లేదా అంతకంటే తక్కువ తేడాతో తేలిన మ్యాచ్‌లను విడిగా లెక్కపెట్టండి. వాటిలో గెలుపోటముల లెక్క ఏటా అలాగే నిలవదు. 2022లో మిన్నెసోటా అలాంటివి 11 ఆడి 11 గెలిచి 13–4తో నిలిచింది. కానీ మొత్తం సీజన్‌లో సాధించిన పాయింట్ల కంటే ఇచ్చినవి 3 ఎక్కువ. మొదటి ప్లేఆఫ్ మ్యాచ్‌లోనే ఓడింది, మరుసటి ఏడు 7–10.

అందుకే మీ అభిప్రాయాన్ని సీజన్ మొదలవకముందే, తప్పని తేలే వీలున్న వాక్యంగా రాసి ఎదుటివాడికి ఇవ్వండి. “షాటెన్‌హైమర్ పనికిరాడు” అంటే ఎవరూ తేల్చలేరు. “మూడో డౌన్‌లో 3 యార్డులలోపు కావలసినప్పుడు ఈ జట్టు సగం సార్లు కూడా సాధించదు, అలా విఫలమైన వాటిలో ఎక్కువ భాగం ప్లే ఎంపిక వల్లే” అని రాయండి. ఎనిమిదో వారం అయ్యాక ఇద్దరూ ఎవరి కాగితం వాళ్లు తెచ్చి, బాధ్యత గడిలో తేడా వచ్చిన ప్లేలను మాత్రమే కలిసి కూర్చుని ఫిల్మ్‌లో చూడండి.