తొలకరికి ముందే స్టార్టర్ డబ్బా ఒకసారి తెరవండి

మృగశిర కార్తె వచ్చి రెండు వానలు పడ్డాయంటే దుక్కి, విత్తనం, ఎరువుల హడావుడిలో మోటారు వైపు చూసే తీరిక ఎవరికీ ఉండదు. పైగా అప్పుడు స్టార్టర్ డబ్బా తెరిస్తే కాళ్ల కింద బురద, చేతికి చెమట, డబ్బా మూత మీద నీళ్లు. అందుకే పొలంలో కరెంటు పని ఏదున్నా రోహిణి కార్తెలోనే, నేల పొడిగా ఉండగానే చేయించుకోవాలి. తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో పూటలో అయిపోయే పని ఇది.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. స్టార్టర్‌లో ఉండే ఫ్యూజులు, ఎక్కువ కరెంటు లాగితే మోటారును ఆపేసే ఓవర్‌లోడ్ రిలే, కాయిల్ అన్నీ మోటారును, తీగలను కాపాడటానికి పెట్టినవి. మనిషిని కాపాడటానికి కాదు. 5 హెచ్‌పీ మోటారు నిండు లోడు మీద సుమారు 8 ఆంపియర్లు తీసుకుంటుంది. స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. కాబట్టి ఫ్యూజు 15, 20 ఆంపియర్లు తట్టుకునేలా వేస్తారు. తడి చేత్తో, చెప్పుల్లేని కాళ్లతో ఫేజు తగిలితే ఒంట్లోంచి పోయేది పావు ఆంపియరు లోపే. 230 వోల్టులను తడి ఒంటి నిరోధం సుమారు 1000 ఓమ్‌లతో భాగిస్తే అంతే వస్తుంది. ప్రాణం పోవడానికి అది చాలా ఎక్కువ. ఫ్యూజుకు మాత్రం అది లెక్కలోకే రాదు. ఏదైనా అయితే ఫ్యూజు కొట్టేస్తుందిలే అనుకోవడంలోనే అసలు ప్రమాదం ఉంది.

కరెంటు పోవడం వేరు, తీసేయడం వేరు

ఊళ్లో ఎక్కువగా వినపడే మాట "కరెంటు లేదుగా, ఇప్పుడే చేసేద్దాం". సరఫరా లేని సమయం చూసుకుని తీగ బిగించడం, బోరు దగ్గర కేబుల్ అతకడం మామూలైపోయింది. పోయిన కరెంటు ఎప్పుడు వస్తుందో మన చేతిలో లేదు. ఆటో స్టార్టర్ ఉంటే మరీ ఘోరం, కరెంటు రాగానే ఎవరూ బటన్ నొక్కకుండానే మోటారు తీగల్లోకి సరఫరా వెళ్లిపోతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పారు. భూగర్భ జలం వృథా కాకూడదని అప్పుడు చెప్పిన కారణం. నన్నడిగితే ఆ కారణం లేకపోయినా తీసేయాల్సిందే.

పని మొదలుపెట్టే ముందు మెయిన్ స్విచ్ దించి, ఫ్యూజు క్యారియర్లు మూడూ పీకి జేబులో వేసుకోండి. డబ్బా మీద పెట్టకండి, దారినపోయే వాళ్లెవరైనా సాయం చేద్దామని పెట్టేస్తారు. ఆ తర్వాతే టెస్టర్. మొదట కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి టెస్టర్ వెలుగుతోందో లేదో చూడాలి, తర్వాత పని చేయబోయే తీగ మీద, మళ్లీ మొదటి చోట. టెస్టర్ పాడై వెలగకపోయినా తీగలో కరెంటు లేనట్టే కనిపిస్తుంది కదా. ఒక్క ఫేజు చూసి వదిలేయకుండా మూడూ చూడండి.

కెపాసిటర్ సంగతి చాలామందికి గుర్తుండదు. స్విచ్ దించాక కూడా అందులో కాసేపు కరెంటు నిల్వ ఉంటుంది. ఆ నిల్వ దిగిపోవడానికి లోపల ఒక రెసిస్టర్ ఉంటుంది కానీ పాత కెపాసిటర్లలో అది పనిచేస్తోందని నమ్మకం పెట్టుకోలేం. కొన్ని నిమిషాలు ఆగి, ఇన్సులేషన్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌కు ఇన్సులేషన్ తీగ కట్టి టెర్మినళ్లు కలిపాకే చెయ్యి పెట్టాలి. ఉబ్బిన కెపాసిటర్‌ను, నూనె కారుతున్న దాన్ని బాగుచేసే ఆలోచన వద్దు, మార్చేయడమే.

డబ్బా లోపల

మూత తీయగానే చీమలు, బల్లి, ఒక్కోసారి పాము. వాన తేమకు వెచ్చగా ఉండే చోటు అవి వెతుక్కుంటాయి, కాబట్టి చేతికి ముందు కర్ర. కరెంటును కలిపి విడదీసే కాంటాక్టర్ పాయింట్ల మధ్య చీమలు నలిగి పేరుకుంటే ఒక ఫేజు సరిగ్గా ఆనదు. కేబుళ్లు దూరే రంధ్రాలకు రబ్బరు బుష్‌లు వేసి, మిగిలిన సందు మూసేస్తే సగం బెడద పోతుంది. ఆకురాయితో పాయింట్లు అరగదీసే అలవాటు కొందరికి ఉంది. పైనున్న వెండి మిశ్రమం పూత పోయి ఇంకా త్వరగా కాలిపోతాయి. నల్లబడితే గుడ్డతో తుడవండి, గుంటలు పడితే కొత్తవి వేయించండి.

ఇక అల్యూమినియం. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు అల్యూమినియం, స్టార్టర్ టెర్మినల్ ఇత్తడి, మోటారు కేబుల్ రాగి. అల్యూమినియం, రాగి తేమలో ఒకదానికొకటి తగిలితే చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియం తినుకుపోతుంది. పైన తెల్లటి పొడి పేరుకుంటుంది. ఆ పొడి కరెంటును పోనివ్వదు. అల్యూమినియానికి ఇంకో గుణం ఉంది: స్క్రూ కింద నొక్కితే మెల్లమెల్లగా అణిగి జారుతుంది, కిందటేడు గట్టిగా బిగించింది ఈ ఏడాది వదులైపోతుంది. వదులైన చోట వేడి, వేడికి మరింత వదులు, చివరికి ఒక ఫేజు తెగిపోతుంది. మిగిలిన రెండు ఫేజుల మీద మోటారు మూలుగుతూ దాదాపు 1.7 రెట్లు కరెంటు లాగి వైండింగ్ కాలిపోతుంది. కాలిన మోటారు రీవైండింగ్‌కు వెళ్తుంది, డబ్బాలోని ఆ జాయింటు మాత్రం అలాగే ఉండిపోతుంది! అందుకే మళ్లీ నెలకు మళ్లీ కాలుతుంది. పొడి గీకేసి, చివర తాజాగా కోసి, రాగి–అల్యూమినియం రెండిటికీ పనికొచ్చే బైమెటల్ లగ్గు వేసి నొక్కించండి. లగ్గు దొరక్కపోతే కనీసం రెండు లోహాలనూ నేరుగా మెలేయకండి.

ఫ్యూజు పోతే బైండింగ్ వైరు, అల్యూమినియం పోగులు చుట్టడం గురించి ఎంత చెప్పినా తక్కువే. తగరం పూత ఉన్న రాగి ఫ్యూజు వైరు ఒక చుట్ట కొని డబ్బాలోనే వేలాడదీయండి, అంతే. ఓవర్‌లోడ్ రిలే మీద ఉండే చిన్న చక్రాన్ని మోటారు నేమ్‌ప్లేటు మీద ఉన్న ఆంపియర్ల దగ్గరే ఉంచాలి. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని చివరిదాకా తిప్పేస్తే రిలే ఉన్నా లేనట్టే. ఒక ఫేజు పోగానే ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ ధర ఒక రీవైండింగ్ ఖర్చు ముందు చిన్నదే.

ఎర్త్

ఇనుప డబ్బాను ముట్టుకున్నా ప్రాణం పోవచ్చు. లోపల ఎక్కడో ఇన్సులేషన్ చిట్లి తీగ డబ్బాకు ఆనుకుంటుంది. ఎర్త్ సరిగ్గా ఉంటే ఆ కరెంటు నేలలోకి పోతుంది, లేకపోతే డబ్బా తెరవడానికి వచ్చిన మనిషి గుండా పోతుంది.

కనీసం 2.5 మీటర్ల జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపు నిలువుగా పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేయడం పాత పద్ధతి, ఇప్పటికీ మంచిదే. కాకపోతే ఉప్పు పైపునూ తినేస్తుంది, కొన్నేళ్లకోసారి తవ్వి చూడాలి. మూడు ఫేజుల మోటారుకు రెండు వేర్వేరు ఎర్త్‌లు ఉండాలని విద్యుత్ భద్రతా నిబంధనలే చెబుతున్నాయి. ఒకటి తుప్పు పట్టినా రెండోది ఉంటుంది. చాలాచోట్ల నేను చూసేది స్టార్టర్ నుంచి ఒక సన్నని తీగ వచ్చి మూరెడు లోతు దిగేసిన చువ్వకు చుట్టి ఉండటం. అది ఎర్త్ కాదు. ఎర్త్ తీగ స్టార్టర్ డబ్బాకూ, మోటారు బాడీకీ, బోరు కేసింగ్‌కూ నట్టు బోల్టుతో బిగిసి ఉండాలి. రంగు మీద కాదు, గీకిన లోహం మీద.

ఎర్త్ బాగుందో లేదో చూడటానికి ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి వెలిగించి చూపిస్తారు. ఆ పరీక్ష నమ్మదగ్గది కాదు. 100 ఓమ్‌ల నాసిరకం ఎర్త్ మీద కూడా ఆ బల్బుకు 190 వోల్టులకు పైగా అందుతాయి, చక్కగా వెలుగుతుంది. ఎర్త్ టెస్టర్‌తో కొలవాలి, అదీ నేల బాగా ఎండిన రోహిణిలో. తడి నేలలో కొలిస్తే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి.

షెడ్డులో లైటు కోసం ఒక ఫేజు తీసుకుని, న్యూట్రల్ లేదని రెండో కొస ఎర్త్ తీగకు కట్టే అలవాటు మన పొలాల్లో ఉంది. ఎర్త్ పైపు దగ్గర ఆ తీగ తెగిందంటే ఫేజు కరెంటు బల్బు గుండా వచ్చి స్టార్టర్ డబ్బాలో కూర్చుంటుంది. మీ షెడ్డులో అలా ఉంటే ఈ వారమే తీసేసి సోలార్ లైటు పెట్టుకోండి.

మనిషి కోసం పనిచేసే పరికరం ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సరిచూసి తేడా రాగానే కట్టేస్తుంది. మనిషి నేరుగా తీగ ముట్టుకున్నా కాపాడేది 30 మిల్లీ ఆంపియర్లది. పాత సబ్‌మెర్సిబుల్ మోటార్లకు సహజంగానే కొంత లీకేజీ ఉంటుంది కాబట్టి ఊరికే ట్రిప్ అవుతుంటే, మంచి ఎర్త్ ఉన్నచోట 100 మిల్లీ ఆంపియర్లది వేయవచ్చు. డబ్బాకు తీగ ఆనగానే అది కట్టేస్తుంది. తీగనే ముట్టుకుంటే మాత్రం దాన్ని నమ్ముకోలేం.

మోటారు, మొదటి స్టార్టు

నెలల తరబడి కదలని మోనోబ్లాక్ (మోటారు, పంపు ఒకే బాడీలో ఉండేది) వైండింగ్ తేమ పీల్చుకుని ఉంటుంది. ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్ పెట్టి చూసినప్పుడు 1 మెగా ఓమ్ కన్నా తక్కువ వస్తే నడపకండి, ఎండలో పెట్టి ఆరబెట్టి మళ్లీ చూడండి. షాఫ్టు చేత్తో తిరుగుతోందా, ఫుట్‌వాల్వు నీళ్లు పట్టుకుంటోందా చూసుకుంటే చాలు. బోరు కేబుల్ జాయింటుకు మామూలు పీవీసీ టేపు పనికిరాదు, నీటిలో జిగురు వదిలేస్తుంది. లోపల సాగే రబ్బరు టేపు, పైన పీవీసీ టేపు వేయాలి. మోటారు ఆన్ చేశాక నీళ్లు సగమే వస్తే ఫేజులు తారుమారై వెనక్కి తిరుగుతోందేమో అనుమానించండి. ఏవైనా రెండు తీగలు మారిస్తే సరిపోతుంది. మూడు ఫేజుల ఆంపియర్లూ కొలిపించి, డబ్బా మూత లోపలివైపు పెయింటుతో రాసుకోండి. ఆగస్టులో తేడా వస్తే పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ముట్టుకోకూడనివి

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతే రైతులే ఏబీ స్విచ్ (ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే లైనును విడదీసే స్విచ్) లాగి ఎక్కడం జరుగుతోంది. స్విచ్ బ్లేడు ఒకటి అంటుకుపోయి తెరుచుకోకపోతే 11 కేవీ, అంటే 11 వేల వోల్టులు, అలాగే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పొలాలకు వచ్చే కింద లైన్లోనూ, ఒక ఫేజు ఫ్యూజు పోయినా పక్క పొలాల్లో తిరుగుతున్న మోటార్ల వైండింగ్‌ల గుండా ఆ తీగలోకి కరెంటు వెనక్కి వస్తుంది. లైన్‌మన్ రావడం ఆలస్యమవుతుందని తెలుసు, విసుగొస్తుంది, నారు ఎండుతుంటే టెన్షన్ కూడా ఉంటుంది. అయినా 1912కి ఫోన్ చేసి ఆగడం తప్ప దారి లేదు.

గాలివానకు తెగిపడిన తీగ దగ్గరికి వెళ్లకండి, పశువుల్ని అసలు వెళ్లనివ్వకండి. తీగ పడిన చోటు నుంచి దూరమయ్యేకొద్దీ నేలలో వోల్టేజీ తగ్గుతూ పోతుంది. ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ దూరం ఎక్కువ కాబట్టి పశువు మీద ఆ తేడా ఎక్కువ పడుతుంది. మీరు ఇప్పటికే దగ్గర్లో ఉంటే అంగలు వేయకుండా, పాదాలు నేలకు ఆనించి చిన్నగా జరుపుకుంటూ బయటికి రండి. అడవి పందుల కోసం కంచెకు నేరుగా లైను కరెంటు పెట్టడం చట్టరీత్యా నేరం. రాత్రి నీళ్లు పెట్టడానికి వెళ్లే పక్క పొలం మనిషికి ఆ సంగతి తెలియదు.

ఎవరికైనా షాక్ కొడితే ముందు స్విచ్ దించాలి. అది దూరంగా ఉంటే, స్టార్టర్ దగ్గరి తీగైతేనే ఎండిన కర్రతో తప్పించాలి, మనిషిని మాత్రం చేత్తో పట్టుకోకూడదు. ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయిస్తూనే రొమ్ము మధ్యలో రెండు అరచేతులతో కనీసం 5 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. మనిషి లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా ఆస్పత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి, గుండె లయ తప్పిందేమో బయటికి చూస్తే తెలియదు.