సినిమాను పాఠంగా చదివేవారికి

సినిమాను పాఠ్యాంశంగా చదివే విద్యార్థి జవాబు కథను తిరిగి చెప్పడంతోనే ఆగిపోకుండా ఉండాలంటే, రెండు మూడు నిమిషాల సన్నివేశాన్ని ఎంచుకొని, మొదట శబ్దం పూర్తిగా తీసేసి చూస్తూ, షాట్ (కెమెరా ఆపకుండా తీసిన ఒక్కో ముక్క) మారిన ప్రతిసారీ పుస్తకంలో ఒక గీత గీసి, కెమెరా దగ్గరగా ఉందా దూరంగా ఉందా అన్నది పక్కనే రాసుకోవాలి. తర్వాత తెర వైపు చూడకుండా శబ్దం మాత్రమే వినాలి.

వరంగల్ వైపు పిల్లలకు 1988లో బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ సినిమా ఇందుకు ఎంతో తగినదని నా నమ్మకం. దొర గడీలో, అంటే కోటలాంటి ఇంట్లో, దాసిగా బతికే స్త్రీ కథ ఇది. విషయం బరువైనది కనుక పై తరగతుల వారికే, అదీ ఉపాధ్యాయుల సమక్షంలో చూపించాలి. గడీలో ఆ స్త్రీ నిస్సహాయత గురించి రాసేటప్పుడు, గుమ్మాలు, గోడలు, వెలుగునీడలు ఫ్రేములో ఆమె చుట్టూ ఎలా అమరాయో మీ గీతల పక్కన రాసుకున్న వివరాలతోనే నిరూపించండి.