పండక్కి ఊరెళ్లినా పరుగు పోకుండా ఉండాలంటే

సంక్రాంతికి రెండు వారాలు ఊళ్లో ఉండొచ్చినవాళ్లు కేబీఆర్ పార్కు దగ్గర రొప్పుతూ "అన్నా, ఏంటి నేనిలా అయిపోయా?" అనడం ఏటా వింటున్నాను. నెపం అరిసెల మీద వేస్తారు. పాపం, అరిసెలేం చేశాయి! పరుగు ఆపిన కొద్ది రోజులకే రక్తంలోని ప్లాస్మా, అంటే ద్రవ భాగం, తగ్గుతుంది. దాంతో గుండె ఒక్కోసారి పంపే రక్తం తగ్గి, పాత వేగానికే ఎక్కువసార్లు కొట్టుకోవాలి. బాగా తర్ఫీదు పొందినవాళ్లకి కూడా మూడు వారాలు ఆపితే వీఓటూ మ్యాక్స్ (ఒళ్లు నిమిషానికి వాడుకోగలిగే గరిష్ట ఆక్సిజన్) సుమారు 7 శాతం పడిపోతుంది. కండబలం అంత త్వరగా పోదు. కాబట్టి దండీలు, బస్కీలు తీశాం కదా అని మురిసిపోకండి.

1. బ్యాగులో బూట్లు పెట్టుకోండి. వాచీ ఉంటే సరే, లేకున్నా సరే.

2. వారానికి రెండు రోజులు చాలు. భోగి, సంక్రాంతి, కనుమ వదిలేయండి. పొద్దున్నే, కాఫీకి ముందే వెళ్లాలి. సాయంత్రం వెళ్తామన్నవాళ్లెవరూ వెళ్లగా నేను చూడలేదు.

3. వేగం తగ్గించకండి. అందరూ తప్పేది ఇక్కడే. సెలవులు కదా అని రోజూ గంటసేపు కాలవ గట్టు మీద బాబాయితో కబుర్లాడుతూ నడుస్తారు. నడక మంచిదే, కానీ పరుగుని కాపాడదు. 1980ల్లో అమెరికాలో రాబర్ట్ హిక్సన్ బృందం ఈ లెక్క తేల్చింది. వారానికి 6 రోజుల శిక్షణని 2 రోజులకి తగ్గించినా, లేదా రోజుకి 40 నిమిషాలని 13కి కుదించినా, తీవ్రత అలాగే ఉంచితే వీఓటూ మ్యాక్స్ 15 వారాలు నిలిచింది. తీవ్రతని మూడో వంతు తగ్గిస్తే మాత్రం నిలవలేదు.

అందుకే పది నిమిషాలు మెల్లగా పరుగెత్తి ఒళ్లు వేడెక్కాక, రెండు నిమిషాలు గట్టిగా, రెండు నిమిషాలు మెల్లగా, ఇలా ఐదుసార్లు. గట్టిగా అంటే ఒకటి రెండు మాటలకి మించి మాట్లాడలేనంత. కుక్క తరిమినట్టు పరుగెత్తమని కాదు! ఒక ఏడాది ఒళ్లు వేడెక్కకుండానే మేనల్లుడితో పందెం వేసుకుని, తొడ వెనక కండరం పట్టేసి కనుమంతా మంచం మీదే ఉన్నాను. గారెలు అక్కడికే తెచ్చిపెట్టారనుకోండి, అది వేరే సంగతి. మంచు దట్టంగా ఉంటే తెల్లవారాకే బయల్దేరండి, గట్టు మీద గుంతలు కనపడవు. జ్వరం ఉంటే అసలు వెళ్లొద్దు.

దీనికి బదులు స్కిప్పింగ్ చేస్తామంటారు కొందరు. నేనొప్పుకోను. పరుగుకి పరుగే.

4. తిరిగొచ్చాక మొదటి వారం మామూలు దూరంలో సగమే పరుగెత్తండి. ఎగ్గొట్టిన కిలోమీటర్లన్నీ ఒక్క ఆదివారంలో కలపొద్దు. ప్లాస్మా కొద్ది రోజుల్లోనే కోలుకుని ఊపిరి తేలికవుతుంది కానీ, మడమ వెనక స్నాయువు (టెండన్) అలవాటు పడటానికి ఇంకా టైం పడుతుంది.