ఏడున్నరకి స్కూలు బస్సు, ఇద్దరు మగపిల్లలు, పైన ఆఫీసు

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి వైపు కాపురం ఉంటూ, ఇద్దరు చిన్న మగపిల్లల్ని బస్సెక్కించి ఆఫీసుకి పరుగెత్తే తెలుగమ్మల కోసం ఇది. తెల్లవారుజామున లేచి యోగా చెయ్యమనే సలహాలు ఇందులో లేవు. పొద్దున పనుల్లో సగం ముందురోజు రాత్రికి జరిపెయ్యాలి, మిగిలిన దాంట్లో పిల్లలు చెయ్యగలిగింది పిల్లలకి, ఆయన చెయ్యగలిగింది ఆయనకి ఒప్పజెప్పాలి, ఇంకా ఏమైనా మిగిలితే అప్పుడు మనం.

రాత్రి పని పిల్లలు పడుకున్నాక కాదు, పడుకునే ముందు, వాళ్ళ చేతే చేయించండి. ఒక్కొక్కడికి ఒక్కో ప్లాస్టిక్ బుట్ట, అందులో యూనిఫాం, బనీను, డ్రాయరు, సాక్సులు, బెల్టు, ఐడీ కార్డు. సాక్సులన్నీ ఒకే రకం కొనేస్తే జత వెతికే గొడవే ఉండదు. డైరీ కూడా రాత్రే చూడాలి, ఎందుకంటే బూట్లు వేసుకుంటూ "అమ్మా, ఇవాళ చార్ట్ పేపర్ తెమ్మన్నారు" అనేవాడు ప్రతి ఇంట్లో ఒకడుంటాడు. రెండు చార్టులు, ఫెవికాల్, రంగు కాగితాలు ఎప్పుడూ బీరువా పైన ఉంచుకోండి, వాళ్ళ కంటపడకుండా. పొద్దున మాత్రం ఇద్దర్నీ ఒకే గదిలో ఉంచకండి. ఒకడు స్నానానికి వెళ్తే ఇంకోడు టిఫిన్ దగ్గర ఉండాలి. కలిశారంటే కుస్తీయే.

ఇక తిండి. మన ఇడ్లీ పిండికి బెంగళూరుతో పడదు. ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తులో ఉంది కదా, అందుకే చల్లదనం ఎక్కువ, విజయవాడలోలా రాత్రి రుబ్బి పెడితే తెల్లారేసరికి పొంగదు, డిసెంబరు జనవరిల్లో అయితే అసలు కదలనే కదలదు. కప్పు మినప్పప్పుకి రెండు కప్పుల ఇడ్లీ రవ్వ, పప్పు నానేటప్పుడే ఒక చెంచా మెంతులు, రుబ్బాక ఉప్పేసి చేత్తోనే బాగా కలిపి, ఓవెన్ ఉంటే అందులో లైటు మాత్రం వేసి లోపల పెట్టండి. శనివారం మధ్యాహ్నం రుబ్బితే సోమ, మంగళవారాలు ఇడ్లీ, పులిసిపోయిన అడుగు పిండి బుధవారం దిబ్బరొట్టె. ఓపిక లేని వారం ప్యాకెట్ పిండి కొనుక్కోండి, అత్తయ్యగారు ఏమైనా అంటే వినపడనట్టే ఉండండి.

లంచ్ బాక్సులో పెరుగన్నం పెడితే మధ్యాహ్నానికి పుల్లబడి అలాగే తిరిగొస్తోందా? పెరుగు కలపొద్దు. అన్నం మెత్తగా వండి, మెదిపి, గోరువెచ్చగా అయ్యాక కాచిన పాలు పోసి ఒక చెంచా పెరుగు వేసి కలపండి. పొద్దున చూస్తే పల్చగా, ఇదేం అన్నం అనిపిస్తుంది, కానీ లంచ్ టైముకి తోడుకుని కమ్మగా ఉంటుంది. చలికాలం ఇంకో అరచెంచా పెరుగు ఎక్కువ పడాలి. మిగతా రోజులకి ఆదివారం కందిపొడి కొట్టి పెట్టుకోండి. కందిపప్పు సన్నసెగ మీద ఎర్రగా వేగాలి, చిన్నోడి కోసం మిరపకాయలు తగ్గించి కాస్త పుట్నాలపప్పు కలపాలి. వేడన్నం, నెయ్యి, ఈ పొడి ఉంటే ఆరోజు కూర లేదని ఎవరూ అడగరు.

మగపిల్లలకి ఇంటిపని ఏంటమ్మా అనే మాట ఊరి నుంచి ఫోనులో వస్తూనే ఉంటుంది. రానివ్వండి. నాలుగేళ్ళవాడు చెప్పులు స్టాండులో పెట్టగలడు, తిన్న ప్లేటు సింకులో వెయ్యగలడు. ఏడేళ్ళవాడు నీళ్ళ సీసాలు నింపగలడు, దుప్పట్లు మడవగలడు, వెల్లుల్లి అయితే కబుర్లు చెప్తూ గిన్నెడు ఒలిచేస్తాడు. "గది సర్దు" అంటే వాడి బుర్రకి ఎక్కదు, "కన్నా, కార్లన్నీ ఈ డబ్బాలో వెయ్యి" అనండి. అమ్మకి సాయం చేశావని మరీ పొగడకండి, అది వాడి పనే.

ఆయనకి కూడా పని ముక్కలుగా కాదు, మొత్తంగా ఇవ్వండి. స్కూలు వాట్సాప్ గ్రూపులో ఆయన నంబరే ఉండాలి, ఫీజు, ఫ్యాన్సీ డ్రెస్, పేరెంట్స్ మీటింగ్ అన్నీ ఆయన ఖాతాలోనే. ఒకసారి ఏదో మర్చిపోతారు, కొంప మునగదు.

సాయంత్రం అసలు టెన్షన్ వాన. సెప్టెంబరు, అక్టోబరుల్లో నాలుగింటికి మబ్బు పట్టిందంటే ఔటర్ రింగ్ రోడ్డు మీద మనం ఎక్కడ ఆగిపోతామో చెప్పలేం. అందుకని బస్సు స్టాపుకి నడిచి వెళ్ళగలిగే ఒక్క ఇల్లు చూసి పెట్టుకోండి, ఆ ఇంటావిడ పేరు, ఫోటో స్కూల్లో ముందే ఇచ్చి ఉంచండి, బదులుగా శనివారాలు వాళ్ళ పిల్లని మీరు చూడండి. చిన్నోడింకా స్కూలు వయసుకి రాకపోతే హెచ్‌ఆర్‌ని మెయిల్‌లో అడగండి. చట్టం ప్రకారం 50 మంది లేదా అంతకుమించి ఉద్యోగులున్న చోట క్రెష్, అంటే తల్లి పనిలో ఉన్నంతసేపూ చిన్నపిల్లల్ని చూసుకునే సదుపాయం ఉండాలి, రోజుకి నాలుగుసార్లు తల్లిని వెళ్ళి చూడనివ్వాలి.

జ్వరం మందు సంగతి కూడా. పారాసెటమాల్ సిరప్‌లో 5 మి.లీ.కి 120 మి.గ్రా. ఉండేదీ దొరుకుతుంది, 250 ఉండేదీ దొరుకుతుంది. ఇంట్లో ఒక్క రకమే ఉంచి, ఇద్దరి బరువులు, డాక్టరు చెప్పిన డోసు కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి, అర్ధరాత్రి ఆయన లేచినా మిమ్మల్ని లేపకుండా వేసెయ్యగలగాలి.

కన్నడ హోంవర్కుకి ట్యూషన్ పెట్టకండి. తెలుగు చదవడం వచ్చినవాళ్ళకి ఆ లిపి పట్టుబడటానికి ఎక్కువ రోజులు పట్టదు, తలకట్టు, క, శ లాంటివి కాస్త చూసుకోవాలి అంతే. పలకడం దగ్గర తేడా వస్తే పనమ్మాయిని అడగండి, గిన్నెలు తోముతూనే పిల్లలకి డిక్టేషన్ చెప్పేస్తుంది.