నైటింగేల్ మరణాల చక్రాన్ని చేత్తో గీయడం ఎలా

నర్సింగ్ విద్యార్థులకు గణాంకాలు మొదలుపెట్టేటప్పుడు నేను ముందు ఈ చక్రమే గీయిస్తాను: రష్యాతో జరిగిన క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైనికులు ఏ నెలలో ఎంతమంది, దేనివల్ల చనిపోయారో చూపే బొమ్మ ఇది. ఆ యుద్ధంలో సైనికులకు సేవ చేసిన నర్సు ఫ్లోరెన్స్ నైటింగేల్ అంటే అందరికీ ఆమె చేతిలోని దీపమే గుర్తొస్తుంది. సైనిక ఆసుపత్రులు బాగుపడాలని ఆమె ప్రభుత్వంతో పోరాడింది మాత్రం 1858లో అచ్చయిన ఇలాంటి బొమ్మలతో, లెక్కలతో.

డ్రాయింగ్ షీట్, కంపాస్, కోణమానిని, కాలిక్యులేటర్, నీలం, ఎరుపు, నలుపు పెన్సిళ్లు చాలు. కేంద్రం చుట్టూ నెలకు 30 డిగ్రీల చొప్పున 12 భాగాలు చేయండి. 1854 ఏప్రిల్ నుంచి 1855 మార్చి దాకా ఒక చక్రం, తర్వాతి ఏడాదికి ఇంకోటి.

1855 జనవరి లెక్క చూద్దాం. క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైన్యం సగటున 32,393 మంది. ఆ ఒక్క నెలలో అంటురోగాలతో 2,761 మంది, గాయాలతో 83 మంది, ఇతర కారణాలతో 324 మంది పోయారు. ఒక్కో సంఖ్యను 12తో, 1000తో గుణించి సైన్యం సంఖ్యతో భాగిస్తే, ఏడాదికి వెయ్యి మందికి మరణాల రేటు వస్తుంది: 1022.8, 30.7, 120. వెయ్యికి వెయ్యి పైనా అని పిల్లలు ఇక్కడ ఆగిపోతారు. ఆగనివ్వండి. పోయినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లను పంపుతూ ఉంటే, అదే జోరున ఏడాదిలో మొత్తం సైన్యమంత మందిని రోగాలే మింగేస్తాయని దానర్థం.

ఈ రేటునే వ్యాసార్థంగా పెట్టకూడదు. వ్యాసార్థం రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది, బొమ్మ అబద్ధం చెబుతుంది. వర్గమూలం తీసి 4తో భాగించండి: నీలం (అంటురోగాలు) 8 సెంటీమీటర్లు, ఎరుపు (గాయాలు) 1.4, నలుపు (ఇతర కారణాలు) 2.7. మూడూ కేంద్రం నుంచే కొలవాలి, ఒకదాని చివర ఇంకొకటి పేర్చకూడదు.

1856 జనవరికి సైన్యం 44,212. రోగాలతో 42 మంది, గాయాలతో ఇద్దరు, ఇతర కారణాలతో 48 మంది. నీలం 0.8 సెంటీమీటర్లకు పడిపోతుంది. మరీ చిన్నగా ఉందని స్కేలు మార్చొద్దు, ఆ చిన్నతనమే మనకు కావాలి.

మధ్యలో ఏం జరిగిందో పక్కన రాయించండి. 1855 మార్చిలో బ్రిటిష్ ప్రభుత్వం పంపిన పారిశుద్ధ్య కమిషన్, సైనిక ఆసుపత్రులున్న ఇస్తాంబుల్ దగ్గరి స్కుటారికి వెళ్లింది. బ్యారక్ ఆసుపత్రి కింద పేరుకున్న మురుగును కడిగించారు, వార్డుల్లోకి గాలి వచ్చేలా చేశారు, గోడలకు సున్నం వేయించారు. కొత్త మందేమీ రాలేదు. అలాగని అంతా కమిషన్ ఖాతాలో వేయకండి: నీలం ఫిబ్రవరిలోనే తగ్గడం మొదలైంది, తిండి, బట్టల సరఫరా కూడా మెరుగైంది. నెలనెలా గీసినందుకే ఈ తేడా కనిపిస్తుంది.

షీటు మీద ఆమె పెట్టినట్టే మొదటి ఏడాదిని కుడివైపు, రెండోదాన్ని ఎడమవైపు పెట్టి, రెండింటినీ చుక్కల గీతతో కలపండి.